విలియం క్రీక్ వెళ్లేవాళ్లకు: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఉండాలి

విలియం క్రీక్ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి ఉత్తరాన దాదాపు 900 కి.మీ. దూరంలో, ఊడ్నడాటా ట్రాక్ అనే మట్టిరోడ్డు మీద ఉంటుంది. అటూ ఇటుగా పదిమంది ఉండే ఊరు. ఊరి చుట్టూ అన్నా క్రీక్ స్టేషన్. ఇక్కడ స్టేషన్ అంటే పశువుల్ని మేపే ఎస్టేటు. 15,000 చ.కి.మీ. దాటిన ఈ ఒక్క ఎస్టేటు మన ఉమ్మడి నెల్లూరు జిల్లా కంటే పెద్దది. ప్రపంచంలోకెల్లా పెద్ద పశువుల స్టేషన్‌గా దీన్నే చెబుతారు.

ఒంగోలు దగ్గర పల్లె నుంచి నాన్న వచ్చినప్పుడు ఆయన్ని తీసుకుని వెళ్లాం. సిడ్నీ బ్రిడ్జి చూసినప్పుడు కూడా ఆయన ముఖంలో అంత ఉత్సాహం లేదు. గంటల తరబడి ఎర్రమట్టి, రాళ్లు, బూడిదరంగు ఉప్పు పొదలు. "ఇంత నేలలో గడ్డే కనపడట్లేదు, ఇవి ఏం తింటన్నాయమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. తినేది ఆ పొదల్నే. వానపడితే మొలిచే గడ్డి అదనం. అందుకే ఒక్కో ఆవుకి అంత భూమి కావాలి. మొదట్లో ఇక్కడ గొర్రెల్ని మేపారు, డింగో అనే అడవికుక్కల బెడద తట్టుకోలేక పశువులకు మారారు. మర్రీ ఊరు దాటాక దారిలో డాగ్ ఫెన్స్ కనిపిస్తుంది. 5,000 కి.మీ. పైగా సాగే ఈ కంచె గొర్రెల ప్రాంతాన్ని డింగోల నుంచి కాపాడటానికి కట్టింది. అన్నా క్రీక్ కంచెకి అవతలి వైపు, అంటే డింగోలుండే వైపు.

రోడ్డు పక్కన ఎర్రటి ఆవులు కనిపించగానే నాన్న కారు ఆపించారు. "ఆ గంగడోలు చూడమ్మా, మన వైపుది కాదూ!" అన్నారు. నిజమే. ఈ సాంటా గెర్ట్రూడిస్ జాతిని టెక్సాస్‌లో షార్ట్‌హార్న్, బ్రాహ్మన్ పశువుల్ని కలిపి తయారు చేశారు. ఆ బ్రాహ్మన్ జాతి పుట్టుకలో గిర్, కాంక్రేజ్ పశువులతో పాటు మన ఒంగోలు జాతి కూడా ఉంది. వేడిని తట్టుకునే గుణం అక్కడి నుంచే వచ్చింది. నాన్న ఆ సాయంత్రమంతా ఊళ్లోవాళ్లకు ఫోన్లు చేయాలని తపించారు గానీ సిగ్నల్ లేదు.

బసకు నా ఓటు విలియం క్రీక్‌కి కాదు, దానికి ముందు వచ్చే కౌవర్డ్ స్ప్రింగ్స్ అనే క్యాంపింగ్ చోటుకి. ఘాన్ అనే పాత రైలు ఆగిన స్టేషను అది. ఈ దారిలో రైలు 1980లో ఆగిపోయింది, ఖర్జూర చెట్లు మిగిలాయి. కరెంటు లేదు, కట్టెలతో కాచిన వేడినీళ్ల షవరు ఉంది. 1886లో తవ్విన బోరు చోటే గోరువెచ్చటి నీళ్ల తొట్టి ఉంది. మోకాళ్ల నొప్పులున్న నాన్న అందులోంచి బయటికి రానన్నారు. టెంటు తప్పనిసరి కాబట్టి పెద్దవాళ్లకి దళసరి పరుపు, దుప్పట్లు పట్టుకెళ్లండి. జులై ఇక్కడ చలికాలం, రాత్రి బాగా చలి.

దగ్గర్లోనే బ్లాంచ్ కప్, బబ్లర్ అనే ఊటలున్నాయి. గ్రేట్ ఆర్టీజియన్ బేసిన్ అనే పెద్ద భూగర్భ జలాశయం నీళ్లు లక్షల ఏళ్లు భూమిలోపల నడిచి ఇక్కడ బుగ్గలుగా పైకి వస్తాయి. ఈ ప్రయాణంలో ఒక్కటే చూసే టైమ్ ఉంటే ఇది చూడమంటాను. ఇక్కడి ఆదివాసులైన అరబానా జనం తిరిగిన దారి, 1859లో స్టూవర్ట్ అనే అన్వేషకుడు వచ్చిన దారి, 1872 నాటి టెలిగ్రాఫ్ తీగ, ఆ తర్వాత రైలు, అన్నీ ఈ ఊటల వెంటే నడిచాయి. నీళ్లు లేకపోతే ఈ ఊళ్లే లేవు.

విలియం క్రీక్‌లో 1887 నాటి హోటలు, పెట్రోలు, కేబిన్లు, క్యాంపింగ్ స్థలం, ఎదురుగా వూమెరా ప్రయోగ కేంద్రం నుంచి ఎగిరిన రాకెట్ల శకలాలు ఉన్నాయి. బ్రిటన్ తన ఉపగ్రహాన్ని 1971లో పంపిన బ్లాక్ ఆరో రాకెట్ తొలిదశ కూడా ఇక్కడే పడి ఉండేది, 2019లో స్కాట్లాండ్‌కి తీసుకెళ్లారు. ఒక రాత్రికి చాలు. అయితే చుట్టుపక్కల పైనుంచి చూపించే చిన్న విమానం ఎక్కకుండా రావద్దు. లేక్ అయిర్ అనే ఉప్పు సరస్సులో నీళ్లు లేని ఏడాదైనా పెయింటెడ్ హిల్స్ అనే రంగురంగుల కొండల కోసం డబ్బు పెట్టొచ్చు. అక్కడికి రోడ్డు మీద వెళ్లలేం. గాలి నిమ్మళంగా ఉండే పొద్దున్న ఫ్లైట్ తీసుకోండి. సరస్సు అరబానావాళ్లకు పవిత్రం, అందులో దిగొద్దని వాళ్లు కోరుతున్నారు. దయచేసి ఆ మాట పాటించండి.

ఈ దారిలో ఎక్కడ ఆగినా మెనూ మాంసం చుట్టూనే. మేం పులిహోర, పచ్చళ్లు, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకెళ్లాం. సరుకులన్నీ లారీల్లో వందల కిలోమీటర్లు రావాలి కాబట్టి ధరలు ఎక్కువే, వాళ్లని తప్పుపట్టలేం. నాకు కోపం తెప్పించింది కారు అద్దెకిచ్చిన కంపెనీ. మట్టిరోడ్డుకి అనుమతి ఇచ్చి, టైర్లకి ఇన్సూరెన్స్ వర్తించదన్న సంగతి చిన్న అక్షరాల్లో దాచారు. పదునైన రాళ్లకి టైరు చీలింది. అటుగా వచ్చిన స్టేషన్ కుర్రాడు అడక్కుండానే ఆగి, జాకీ తీసి, స్పేర్ బిగించి, నీళ్లున్నాయా అని అడిగి మరీ వెళ్లాడు. ఇక్కడ ఆగి ఉన్న కారుని చూసి ఎవరూ దాటిపోరు.

మే నుంచి సెప్టెంబరు లోపలే వెళ్లండి. ఇదే ట్రాక్ మీది ఊడ్నడాటాలో 1960 జనవరిలో 50.7 డిగ్రీలు నమోదైంది. రెండు స్పేర్ టైర్లు, మనిషికి రోజుకి కనీసం అయిదు లీటర్ల నీళ్లు ఉండాలి. చీకటిపడ్డాక బండి నడపొద్దు. రోడ్డు పక్కన కంచె లేదు, పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి. వానపడితే రోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డెక్కితే భారీ జరిమానా. అంత దూరం మట్టిరోడ్డు వద్దనుకుంటే కూబర్ పీడీ ఊరి దాకా తారురోడ్డు మీద వెళ్లి, అక్కడి నుంచే విమానం ఎక్కొచ్చు. కానీ ఊటలు మాత్రం దొరకవు.