తొడుగు మేలా, చిరునామా మేలా?

చంద్రగిరిలో ఉండే మా చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిశాక, తిరుపతిలో డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. మామూలు డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు ఒకటి, అదే మందు లైపోజోమ్‌లో పెట్టింది ఇంకొకటి. నేను ఫార్మసీ పాఠాలు చెప్తాను కాబట్టి, "ఏది మేలు నాయనా?" అని నన్నడిగింది.

వార్డులో అందరూ ఎర్ర మందు అనేది ఈ డాక్సోరుబిసిన్‌నే. మామూలుది ఎక్కించిన నిమిషాల్లోనే రక్తం వదిలి ఒళ్లంతా పాకుతుంది, గుండెకు కూడా. అందుకే జీవితం మొత్తానికి చదరపు మీటరు ఒంటికి 450–550 మిల్లీగ్రాములు దాటనివ్వరు. చిన్నమ్మ గుండె ముందే కాస్త బలహీనం. నా టెన్షనంతా అదే.

లైపోజోమ్ అంటే సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగ. దాని పైన పాలీఇథిలీన్ గ్లైకాల్ పోగులు తొడుగులా అతికిస్తారు. అవి చుట్టూ నీటి పొరను పట్టి ఉంచుతాయి, కాలేయంలోని కాపలా కణాలు బుడగను త్వరగా పసిగట్టలేవు. రోజుల తరబడి రక్తంలో తిరుగుతూ, కారే రక్తనాళాలున్న గడ్డలోకి కొంత చేరుతుంది. 1995 నుంచి వాడుకలో ఉంది. 2004లో వెలువడిన, 509 మంది మీద చేసిన పరీక్షలో రెండు మందులూ క్యాన్సర్‌ను ఇంచుమించు ఒకేలా అదుపు చేశాయి. గుండె దెబ్బ మాత్రం లైపోజోమ్‌తో చాలా తక్కువ. కానీ అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కడం దాదాపు సగం మందిలో కనిపించింది, మామూలు మందుతో నూటికి ఇద్దరికే.

మా క్లాసులో పిల్లలు మూడో దారి అడుగుతారు: గడ్డ కణాలను పట్టుకునే యాంటీబాడీనో ఫోలేటునో పైన చిరునామాలా తగిలిస్తే నేరుగా గడ్డకే పోదా సార్? నాకూ అలాగే ఆశ ఉండేది. రక్తంలో పడగానే బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు ప్రోటీన్లు పట్టేసి ఆ చిరునామాను కప్పేయగలవు. పైగా చిరునామా పనికొచ్చేది బస్సు దిగాకే. చేతిలో ఉన్నంత మాత్రాన బస్సు మన వీధికి తిరగదు. 2016లో పదేళ్ల జంతు ప్రయోగాలను కూడి చూస్తే, ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరినదాని మధ్యస్థ విలువ చిరునామా ఉన్నవాటికి 0.9 శాతం, లేనివాటికి 0.6 శాతం. అదే ఏడు, కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే హెర్2 ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ తగిలించిన ఎంఎం-302 లైపోజోమ్ పరీక్షను ఫలితం కనబడక ఆపేశారు. కాలేయం సంగతి వేరు. 2018లో వచ్చిన పాటిసిరాన్ అనే మందును మోసే కొవ్వు రేణువులకు రక్తంలోని ప్రోటీనే చిరునామాలా అంటుకుని, వాటిని కాలేయ కణాల్లోకి చేరుస్తుంది.

నేను తొడుగు వైపే మొగ్గాను, డాక్టరు గారూ అదే అన్నారు. చిన్నమ్మకు ఒకటే దిగులు: ఎక్కించాక కొన్నాళ్లు చేతులకు వేడి, రాపిడి తగలకూడదు. నలభై ఏళ్లుగా పొగలు కక్కే సంగటిని తడి చేత్తో ముద్ద కట్టిన మనిషి. ఇప్పుడు చిన్నాయన కెలుకుతున్నాడు. ఆమె పక్కన పీట వేసుకుని, పిండి ఉండ కట్టకుండా ఎటు తిప్పాలో చెప్తోంది.