పాత స్విఫ్ట్‌లో 27,000 రూపాయల ఆడియో: నాలుగేళ్ల వాడకం తర్వాత

2014 నాటి మారుతీ స్విఫ్ట్ ఎల్‌డీఐని నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు, డ్యాష్‌బోర్డు మధ్యలో ఒక ఖాళీ గూడు తప్ప పాట పలికే వస్తువేదీ అందులో లేదు. ఇంట్లో ఒప్పించుకున్న మొత్తం 20,000 రూపాయలు; చివరికి అయినది 27,000. విజయవాడ నుంచి గుంటూరుకు రోజూ వెళ్లి రావడం, రెండు నెలలకొకసారి హైదరాబాదు ప్రయాణం కలిపి ఈ నాలుగేళ్లలో దాదాపు 70,000 కిలోమీటర్లు ఈ సిస్టమ్‌తోనే తిరిగాను. కాబట్టి ఎండకూ వానకూ గతుకులకూ ఏది నిలిచిందో, ఏది నిలవలేదో కొంత ధైర్యంగానే చెప్పగలను.

మొదట చేసిన పొరపాటు చాలామంది చేసేదే. ఒక ఆటో విడిభాగాల దుకాణంలో, వెనుక పార్సిల్ ట్రే మీద బిగించే 6×9 అంగుళాల కోలగా ఉండే స్పీకర్ల జతను 3,800 రూపాయలకు కొని, ముందు డోర్లను ఖాళీగా వదిలేశాను. అట్టపెట్టె మీద 400 వాట్లు అని బంగారు రంగు అక్షరాలతో ఉంది. నాలుగు నెలలు విన్నాక అర్థమైనదేమిటంటే, పాడేవారు డిక్కీలో కూర్చుని పాడుతున్నట్లుంది, పలచని పార్సిల్ ట్రే ప్రతి దరువుకూ తానూ వంత పాడుతోంది. ఆ జతను 1,500కు అమ్మేసి 2,300 నష్టపోయాను.

ఈ వాట్ల సంగతి ఒకసారి లెక్క వేసి చూసుకోవడం మంచిది. డ్యాష్‌బోర్డులో బిగించే, పాటలు పలికించే సెట్టు మీద సాధారణంగా 50 వాట్లు × 4 అని ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండే వోల్టేజీ సుమారు 14.4, నాలుగు ఓముల స్పీకరుకు ఆ వోల్టేజీని పూర్తిగా, ఎడతెగకుండా ఇచ్చేస్తే వచ్చేది దాదాపు 52 వాట్లు. అంటే ఆ 50 అనేది ధ్వని తరంగం చదరమైపోయి, పాట చిరిగిపోయే దశలో వచ్చే అంకె. శుభ్రంగా పలికించగలిగేది ఒక్కో చానల్‌కు, అంటే ఒక్కో స్పీకరుకు, 15 నుంచి 20 వాట్లు మాత్రమే. నమ్మకం కుదరకపోతే సెట్టు వెనుక ఉండే ఫ్యూజు చూడండి. నా దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంది, అంటే లోపలికి వెళ్లేదే 144 వాట్లు. అందులోంచి 200 బయటికి రావడం ఏ లెక్కన సాధ్యం? అందుకే రెండోసారి స్పీకర్లు కొనేటప్పుడు వాట్ల అంకెను పక్కన పెట్టి సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా పలుకుతుందన్నది చూశాను. 3 డెసిబెల్స్ ఎక్కువ ఉన్న స్పీకరు సగం పవర్‌తోనే అంతే గట్టిగా పలుకుతుంది.

టైమ్ అలైన్‌మెంట్ (దగ్గరి స్పీకరు శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే) సౌకర్యం ఉన్న పాత పయొనీర్ సెట్టు మొదట్లోనే ఒక మిత్రుడి దగ్గర 4,500కు దొరికింది. ముందు డోర్లకు ట్వీటర్లు (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) విడిగా ఉండే ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ జతను 6,200 పెట్టి కొత్తదే తీసుకున్నాను. వాటిని డోరు రేకుకు నేరుగా బిగిస్తే కిందికి దిగిన అద్దం స్పీకరు వెనుక ఉండే అయస్కాంతానికి తగులుతుంది కనుక, మందపాటి ప్లైవుడ్‌తో వడ్రంగి చేత రింగులు కోయించాను. వాటికి 300 అయింది.

ఇంత చేసినా మొదటి రోజు బాస్ పలకలేదు. స్పీకరు శంకువు ముందుకు ఎంత గాలిని నెడుతుందో వెనక్కీ అంతే నెడుతుంది. డోరు లోపలి రేకులో అరచేయి పట్టేంత కంతలుంటే, వెనుక శబ్దం ఆ కంతల్లోంచి వచ్చి ముందు శబ్దాన్ని మింగేస్తుంది. మిగిలినది కాస్తా పలచని బయటి రేకు అదురులో పోతుంది. అందుకని అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ రబ్బరు డ్యాంపింగ్ షీట్లు (రేకు అదురును అణిచేవి) 2,400 రూపాయలవి తెచ్చి, ఒక ఆదివారమంతా కూర్చుని రెండు ముందు డోర్లకూ అంటించాను. పెట్రోలుతో రేకును తుడిచి, జిడ్డంతా పోయాక షీటు పెట్టి, వంటింట్లోని అప్పడాల కర్రతో గట్టిగా రుద్దాను (ఆ కర్ర తర్వాత వంటింట్లోకి తిరిగి వెళ్లలేదు, దాని ఖరీదు ఈ లెక్కలో కలపలేదు). అంతకుముందు డోరు మీద వేలితో కొడితే ఖాళీ నూనె డబ్బాలా మోగేది. ఆ సాయంత్రం కొడితే బియ్యం బస్తా మీద కొట్టినట్లు మూగగా పలికింది. అవే స్పీకర్లు, అదే సెట్టు, అదే పాట, కానీ మృదంగంలో తొప్పి దెబ్బ మొదటిసారి నా మోకాలికి తెలిసింది. ఈ మొత్తం ఖర్చులో రూపాయికి రూపాయి ఫలితమిచ్చినది ఈ 2,400 మాత్రమే. చవకగా దొరికే తారు షీట్లు వాడవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మా బంధువు ఒకరు వాటిని వేయించుకుంటే, మే నెల ఎండలో ఆపి ఉంచిన కారు తలుపు తీయగానే కొత్తగా తారు వేసిన రోడ్డు వాసన వచ్చేది; రెండో వేసవికి ఒక షీటు జారి డోరు అడుగున ముద్దగా పడింది.

ఇక్కడే ఒక ఫిర్యాదు. స్పీకర్లు బిగించడానికి 1,000 రూపాయలు తీసుకున్న పనివాడు డోర్ ప్యాడ్ వెనుక ఉండే ప్లాస్టిక్ పొరను అడ్డుగా ఉందని చింపి పారేశాడు. అద్దం మీద పడిన వాన నీరు సహజంగానే డోరు లోపలికి దిగి, అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోతుంది. ఆ నీరు కారు లోపలికి రాకుండా చూసేది ఆ పొరే. మొదటి పెద్ద వానకు ఎడమ వైపు కాళ్ల దగ్గర తివాచీ తడిసి, వారం రోజులు ముక్కిన వాసన వదలలేదు. మందపాటి పాలిథిన్ తెచ్చి నేనే మళ్లీ అంటించుకున్నాను. షీట్లు వేసేటప్పుడు డోరు అడుగున ఉన్న ఆ రంధ్రాలను మూయకూడదన్నది కూడా అప్పుడే గమనించాను.

పాత తెలుగు పాటలు ఎక్కువగా వినేవారికి టైమ్ అలైన్‌మెంట్ గురించి ఒక మాట. అవి చాలావరకు మోనో రికార్డింగులు. గొంతు ఒకే చోటి నుంచి, మీకు సూటిగా ఎదురుగా రావాలి. మన కార్లలో నడిపేవారు కుడివైపు కూర్చుంటారు కాబట్టి కుడి స్పీకరు శబ్దం ముందుగా చేరి, ఘంటసాల కుడి డోరు జేబులోంచి పాడుతున్నట్లుంటుంది. టేపు పెట్టి కొలిస్తే నా చెవికి కుడి స్పీకరు 95 సెంటీమీటర్లు, ఎడమది 135 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. ఆ 40 సెంటీమీటర్ల తేడాకు సరిపడా, అంటే దాదాపు 1.2 మిల్లీసెకన్లు కుడి స్పీకరును ఆలస్యం చేయగానే గొంతు డ్యాష్‌బోర్డు మధ్యకు వచ్చి కూర్చుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది. పక్క సీటులో కూర్చున్నవారికి మాత్రం ఇదంతా తారుమారుగా వినిపిస్తుంది, ఆ సంగతి దాచను.

ఏడు నెలల తర్వాత 4,800కు సెకండ్ హ్యాండ్ నాలుగు చానళ్ల యాంప్ (స్పీకర్లకు ఎక్కువ పవర్ ఇచ్చే యాంప్లిఫయర్), 1,900కు వైరింగ్ కిట్ కొన్నాను. మొదట ఒక దుకాణంలో 8 గేజి రాగి వైరు అని చూపించినదాన్ని బ్లేడుతో గీకితే పైన రాగి పూత, లోపల తెల్లని అల్యూమినియం. తొడుగు మాత్రం వేలంత లావుంది. కొనకుండా వచ్చేశాను. బ్యాటరీ దగ్గరే, జానెడు దూరంలో ఫ్యూజు పెట్టించుకోవడం ఎవరు వద్దన్నా మానకూడదు. వైరు ఎక్కడైనా ఒరుసుకుని రేకుకు తగిలితే మంట రాకుండా ఆపేది అదొక్కటే. యాంప్ పెట్టిన మొదటి రోజు యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ స్పీకర్లలో సన్నని ఈల పెరిగింది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఈల అది. సీటు బోల్టుకు ఇచ్చిన ఎర్త్ కింద పెయింటు అలాగే ఉండటమే కారణం. గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి, సిగ్నల్ కేబుల్‌ను పవర్ వైరు వెళ్లని వైపుకు మార్చాక ఈల పోయింది. సిగరెట్ లైటరులో పెట్టే చవక ఫోన్ ఛార్జరు వల్ల ఎఫ్ఎంలో వచ్చే బుస మాత్రం ఛార్జరు మార్చేదాకా పోలేదు.

ఊఫర్ (బాస్ మాత్రమే పలికే పెద్ద స్పీకరు) విషయంలో చెప్పడానికి పెద్దగా లేదు. పది అంగుళాల పాత ఊఫర్ 2,200, దాదాపు 25 లీటర్ల మూసిన ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) పెట్టె 1,400. యాంప్‌లో మిగిలిన రెండు చానళ్లను బ్రిడ్జి చేసి, అంటే ఒకటిగా జతచేసి, దానికి కలిపాను. డోరు స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింది భాగాన్ని, అంటే లోతైన బాస్‌ను తెంపేసి ఆ పని ఊఫరుకు అప్పగించాక, డోర్లు ఇంకా తేటగా పలుకుతున్నాయి. డిక్కీలో రెండు సూట్‌కేసులు పట్టే చోట ఇప్పుడు ఒకటే పడుతుంది. సంక్రాంతికి ఊరు వెళ్లే ప్రతిసారీ ఆ పెట్టెను విప్పి ఇంట్లో పెట్టి వెళుతున్నాను. నిజం చెప్పాలంటే దాని లోటు అంతగా తెలియడం లేదు.

నాలుగేళ్ల తర్వాత బ్యూటైల్ షీట్లు అంగుళం కూడా కదలలేదు. కాంపొనెంట్ స్పీకర్ల రబ్బరు అంచులు చెక్కుచెదరలేదు. సెట్టు వాల్యూమ్ గుండీ వదులై, ఒక్కోసారి తిప్పితే రెండంకెలు దూకుతుంది. ఆగి ఉన్నప్పుడు 1.3 లీటర్ల డీజిల్ ఇంజను చేసే గడగడను ఏ షీటూ పూర్తిగా ఆపలేకపోయింది. సిగ్నల్ దగ్గర వీణ వినాలంటే ఇంజను ఆపుకోవలసిందే. ప్లైవుడ్ రింగుల్లో కుడిదానికి రెండు పూతలు ఎనామిల్ వేసి, తొందరలో ఎడమదాన్ని వదిలేశాను. అది ఈ వానాకాలానికి ఉబ్బి, స్క్రూలు పట్టు వదిలి, బాస్ దెబ్బకు డోర్ ప్యాడ్ చిటచిటమంటోంది. కొత్త రింగుకు వడ్రంగి ఈసారి 250 అడిగాడు.