డిసెంబరులో మంచుకు వెళ్లేవారు సోలాంగ్‌లో ఆగకండి

అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీలోనే దిగవచ్చు. అక్కడినుంచి మనాలికి రాత్రి బస్సు. దారి గురించి ఇంతకు మించి చెప్పేదేమీ లేదు.

డిసెంబరు మొదట్లో మనాలి దగ్గరి సోలాంగ్ లోయలో మాకు కనిపించిన మంచు అక్కడక్కడా తెల్లటి మరకలే. మిగతాదంతా బురద, గుర్రాలు, ఫోటోలవాళ్ల బేరాలు. అద్దెకు తీసుకున్న రబ్బరు బూట్లలోకి నీళ్లు దిగాయి. 2020లో తెరిచిన అటల్ సొరంగం 9.02 కిలోమీటర్లు దాటితే లాహౌల్ లోయ. అందులోని సిస్సు అనే ఊరు 3,000 మీటర్లకు పైన ఉంది, మంచు నిలుస్తుంది. మనాలి హోటల్లో హీటరుకు వేరే డబ్బు అడిగారు. సిస్సులో మేమున్న ఇంట్లో గది మధ్యనే కట్టెల పొయ్యి, పక్కన వేడివేడి రాజ్మా అన్నం. పైపులు గడ్డకడతాయని నీళ్లు బకెట్లతో తెచ్చిచ్చారు. నాకైతే ఇదే నచ్చింది.

మనాలిలో కుదిరిన గైడు సిస్సు ఊరి వెనక వాలు ఎక్కిద్దామన్నాడు. "మోకాలి లోతు కూడా లేదు సార్, భయమెందుకు?" అన్నాడు. ఇంటాయన ఒప్పుకోలేదు. ఆయన మాటే సరైనది. తొలి మంచు పలచగా ఉండటమే చిక్కు. కింద నేల వెచ్చన, పైన గాలి కొరికే చలి. ఆ తేడాకు ఆవిరి పైకి లేచి, అడుగు మంచు ఒకదానికొకటి అతుక్కోని పెద్ద పలుకులుగా మారుతుంది. తర్వాత కురిసే భారీ మంచు దాని మీద పలకలా కూర్చుంటుంది. మన కల్లంలో ఆరబోసిన వేరుశెనగకాయల మీద టార్పాలిన్ పరిచి నడిచి చూడండి, అర్థమవుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే ఎక్కువగా ఇలాంటి మంచు చరియలు, అంటే హిమపాతాలు, జారతాయి. కింద చిక్కినవాళ్లను పావుగంటలో తవ్వి తీయకపోతే బతికే ఆశ వేగంగా తగ్గిపోతుంది. ఆ గైడు దగ్గర పార కూడా లేదు!

ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర పర్వతారోహణ శిక్షణ బృందం హిమపాతంలో చిక్కుకున్నది 2022 అక్టోబరు 4న. చలికాలం ఇంకా మొదలే కాలేదు.

కొండల్లో హిమపాత ప్రమాద స్థాయిని డీఆర్‌డీవోకు చెందిన చండీగఢ్ సంస్థ డీజీఆర్‌ఈ ప్రకటిస్తుంది. బయలుదేరే ముందు చూడండి, లేదా బస ఇచ్చినవారిని అడగండి. సిస్సులో ఊరి మైదానం, నది ఒడ్డు పిల్లలకు చాలు. భారీగా కురిస్తే సొరంగం దారి మూసేస్తారు కాబట్టి తిరుగు రైలు టికెట్‌కు ఒక రోజు వెసులుబాటు ఉంచుకోండి.