కడియం నర్సరీల్లో ఏళ్ల తరబడి మొక్కలు కొన్నాక

మామిడి అంటు కొన్న రోజున అది మంచిదో కాదో చెప్పడం ఎవరి తరమూ కాదు. కవరులో ఉన్నప్పుడు అన్నీ పచ్చగా, ముద్దుగానే ఉంటాయి. నాలుగైదేళ్లు గడిచి కాయ చేతికొచ్చాకే అమ్మినవాడి మాట నిజమో కాదో తేలుతుంది. అందుకే కడియం నర్సరీల గురించి ఎంతమంది అడిగినా ఇన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు అక్కడ తెచ్చిన మామిళ్లు కాస్తున్నాయి, సపోటాలు కాస్తున్నాయి, కొబ్బరి గెలలు దిగుతున్నాయి. బతకనివి ఎందుకు బతకలేదో కూడా అర్థమైంది. ఇక రాయొచ్చు.

మాది ఖమ్మం. సత్తుపల్లి దగ్గర మామగారి ఊళ్లో కొంచెం ఎర్రనేల ఉంది. అందులో ఇంటిమందం పండ్లతోట వేసుకున్నాం. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, కొవ్వూరు మీదుగా గోదావరి దాటితే రాజమండ్రి వస్తుంది. అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు తిరిగితే, వేమగిరి దాటాక రోడ్డుకు రెండువైపులా నర్సరీలే. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, ఏ ఊళ్లోకి మళ్లినా ఇళ్ల మధ్య కూడా షేడ్ నెట్లే కనిపిస్తాయి. కొత్తగా వెళ్లినవాళ్లకు ఎక్కడ ఆగాలో తెలీదు. చాలామంది హైవే మీద బోర్డు పెద్దగా కనిపించిన చోట ఆగి, అక్కడే కొనేసి వెళ్లిపోతారు.

నేను చెప్పేది ఒకటే. హైవే అంచున కొనకండి, లోపలికి వెళ్లండి. అక్కడ రెండు రకాల నర్సరీలున్నాయి. సొంతంగా అంటు కట్టి పెంచేవాళ్లు ఒక రకం. పుణె, బెంగళూరు, కోల్‌కతా నుంచి లారీల్లో దింపుకుని, పక్క రైతుల దగ్గర కూడా కొని అమ్మేవాళ్లు రెండో రకం. అలంకరణ మొక్కలకు రెండో రకమైనా ఫర్వాలేదు, వాళ్ల దగ్గర రకాలు ఎక్కువ కూడా. పండ్ల మొక్కలకు మాత్రం మొదటి రకమే కావాలి. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. "తల్లి చెట్టు చూపిస్తారా?" అని అడగండి. సొంతంగా కట్టేవాళ్లు చెప్పులు వేసుకుని ముందు నడుస్తారు. మిగతావాళ్లు "అంతా గ్యారంటీ మొక్కేనండి" అంటారు.

ఆ గ్యారంటీ మాటకు విలువెంతో మా చిన్నరసాలు చెప్పాయి. పెద్ద బోర్డున్న ఒక నర్సరీలో చిన్నరసం అని తీసుకున్న అంటులు అవి. బాగా నాటుకున్నాయి, ఏపుగా పెరిగాయి. అయిదో ఏట కాసిన కాయ చూస్తే తొక్క మందం, గుజ్జు గట్టిగా ఉంది. రసం పిండుకుని తినాల్సిన పండు కాస్తా కత్తి పెట్టి కోసుకు తినేదిగా వచ్చింది. రుచి చెడ్డదేం కాదు, కానీ మాకు కావాల్సింది అది కాదు కదా. కాయ పట్టుకుని ఆ నర్సరీకి వెళితే, "అప్పుడున్న కుర్రాళ్లు మానేశారండి, కలిసిపోయి ఉంటాయి" అన్నారు. బదులుగా కొత్త మొక్కలు ఇస్తామన్నారు. మొక్కలు ఇవ్వగలరు గానీ అయిదేళ్లు ఎవరిస్తారు? ఎండాకాలంలో బిందెలతో మోసిన నీళ్లు, కట్టిన కంచె, పెట్టిన ఎరువు లెక్కేస్తే మొక్క ధర ఏ మూలకూ రాదు.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండుకు అంత గుర్తింపు ఉన్నా, కవరులో మొక్క కొనేవాడికి మాత్రం ఇప్పటికీ నోటిమాటే ఆధారం. చేయి తిరిగినవాళ్లు లేత చిగురు రంగు చూసి, ఆకు నలిపి వాసన చూసి మామిడిలో రకం కొంతవరకు చెప్పగలరు. మనలాంటివాళ్ల వల్ల కాదు.

ఇక నచ్చిన నర్సరీ సంగతి. లోపలి ఊళ్లో కాలవ గట్టు పక్కన ఉంటుంది, పేరు కూడా సరిగ్గా కనిపించని బోర్డు. పెద్దాయన, ఆయన కోడలు చూసుకుంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు మొక్కలు చూపించకుండా కూర్చోబెట్టి మా నేల గురించి అడిగారు. ఎర్రనేలా, గరపనేలా, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా, గాలి ఏ వైపు నుంచి బలంగా కొడుతుంది, ఊళ్లో కోతులున్నాయా అని. నేను జామ, మామిడి, సపోటా, పనస అంటూ జాబితా చదువుతుంటే మధ్యలోనే ఆపి, "అన్నీ ఒకేసారి ఎందుకండీ బాబూ, నీళ్లు పోసేవాళ్లు ఎంతమంది ఉన్నారు మీకు?" అన్నారు. అడిగినదాంట్లో సగమే ఇచ్చి పంపారు. వ్యాపారం చేసే మనిషి ఎదురుగా ఉన్న గిరాకీని తగ్గించుకోవడం అంతకుముందు నేను చూడలేదు.

ఆయన దగ్గరే అంటు ఎలా చూడాలో నేర్చుకున్నాను. మట్టి నుంచి జానెడు పైన అతుకు ఉండాలి. అక్కడ కాండం కొద్దిగా ఉబ్బి, ఏటవాలుగా గీత కనిపిస్తుంది. వేలితో తడిమితే కింది బెరడు, పై బెరడు కలిసి నున్నగా తగలాలి. సందు తగిలినా, ప్లాస్టిక్ చుట్ట ఇంకా విప్పకుండా కాండంలోకి కోసుకుపోయినా వద్దు. అతుకు కింద చిగురు వస్తుంటే అది టెంక నుంచి మొలిచిన అడుగు మొక్క చిగురు. దాన్ని గిల్లకుండా వదిలేస్తే రెండేళ్లలో పైనున్న మంచి రకాన్ని తొక్కేసి అదే చెట్టవుతుంది. తోటలో నాటాక కూడా ఈ కింది చిగుళ్లను నెలనెలా చూసి తీసేయాలి. చాలామంది "నర్సరీవాడు మోసం చేశాడు" అనేవాటిలో కొన్ని ఇలా పైరకం చచ్చి, కిందిది చెట్టైనవే. ఈ మాట నర్సరీవాళ్ల తరఫున కూడా చెప్పాలి.

ఇంకొకటి గమనించాను. అక్కడ పనిచేసే ఆడవాళ్లు మొక్కను ఎత్తేటప్పుడు కాండం పట్టుకోరు. ఒక చెయ్యి కవరు అడుగున పెట్టి, రెండో చెయ్యి పక్కన ఆనించి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుతారు. మట్టిగడ్డ లోపల కదిలితే సన్నవేళ్లు తెగిపోతాయి, పైకి ఏమీ తెలీదు, పది రోజులకు ఆకులు వాలతాయి. కొన్ని నర్సరీల్లో కుర్రాళ్లు పీక పట్టుకుని రెండేసి, మూడేసి ఎత్తి ఆటోలోకి విసరడం కూడా చూశాను. అలాంటి చోట ఎంత తక్కువకిచ్చినా నేను ఆగను.

సపోటా విషయంలో ఆయన చెప్పింది బాగా పనికొచ్చింది. సపోటాను, దాని కుటుంబానికే చెందిన పాల అనే చెట్టు మొక్క మీద అంటు కడతారు. పాల మొక్క మెల్లగా పెరుగుతుంది, అందుకే ఆ అంటుకు ధర ఎక్కువ. కొమ్మకే వేళ్లు రప్పించిన గాలి అంటులు చవగ్గా దొరుకుతాయి గానీ వాటికి అంత బలమైన వేరు ఉండదు. మా తోటలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పెద్ద గాలివానకు గాలి అంటు మొక్క పక్కకు ఒరిగింది, కర్ర పాతి నిలబెట్టాం. పాల మీద కట్టినవి కదల్లేదు. జామ, దానిమ్మలకు గాలి అంటు మామూలే, అక్కడ అనుమానం అక్కర్లేదు.

కొబ్బరికి కడియమే వెళ్లాలని లేదు. కోనసీమలో అంబాజీపేట పరిశోధన కేంద్రం ఉంది. తూర్పుతీర పొడుగు రకాన్ని గంగబొండం అనే పొట్టి రకంతో కలిపి "గోదావరి గంగ" అనే సంకర రకం తయారు చేసింది వాళ్లే. నర్సరీలో తీసుకునేట్టయితే పొడుగ్గా సాగిన మొక్క జోలికి పోవద్దు. మొదలు లావుగా ఉండి, ఏడాది వయసులో అయిదారు ఆకులుండి, ఆకులు త్వరగా చీలికలైన మొక్క ముందుగా కాపుకొస్తుంది. మేం అలా ఏరి తెచ్చినవే ఇప్పుడు బొండాలిస్తున్నాయి.

పూలమొక్కల గురించి ఎక్కువ చెప్పను. రకాలకు కొదవ లేదు, కళ్లు చెదిరిపోతాయి. విరగబూసిన గులాబి చూసి కొంటే ఇంటికొచ్చి నెల తిరక్కుండా పూలు ఆగిపోతాయి. అది అక్కడ వేసిన మందుల, ఎరువుల ప్రతాపం. కత్తిరించి, రెండు నెలలు ఓపిక పడితే మళ్లీ పూస్తుంది. కోనోకార్పస్ అనే అలంకరణ చెట్టును మాత్రం ఇంకా కొన్నిచోట్ల "త్వరగా పెరుగుతుంది" అని అంటగడుతున్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. దాని వేళ్లు నీటి గొట్టాల్లోకి, డ్రైనేజీలోకి చొరబడతాయి. పెద్దాయన నర్సరీలో అది అసలు ఉండదు.

మొక్కలు చావడానికి పెద్ద కారణం, నా అనుభవంలో, ప్రయాణమూ మట్టీ. అక్కడి మట్టి గోదావరి ఒండ్రు, జిగురు ఎక్కువ. తడిగా ఉన్నంతసేపు వేళ్లను బాగా పట్టి ఉంచుతుంది. ఎండితే ఇటుకలా గట్టిపడి, కుంచించుకుని, చుట్టూ ఉన్న మన నేలకీ దానికీ మధ్య సందు వస్తుంది. ఎర్రనేలలో అలాగే గొయ్యి తీసి పెడితే, పోసిన నీళ్లు ఆ సందులోంచి కిందికి జారిపోయి గడ్డ లోపల పొడిగా ఉండిపోతుంది. పాదు తడిగానే ఉంటుంది, మొక్క వాడిపోతుంది, ఎందుకో తెలీక టెన్షన్ పడతాం. మేం ఇప్పుడు చేసేది ఇది. తెచ్చిన వెంటనే నాటకుండా వారం పది రోజులు చెట్టు నీడలో ఉంచుతాం. నాటే ముందు రోజు గడ్డ లోపలిదాకా తడిసేలా నీళ్లు పెడతాం. కవరు కోశాక గడ్డ పక్కలు చేత్తో కొద్దిగా గీరి, అడుగున చుట్టలు తిరిగిన వేళ్లుంటే కత్తిరించి, చుట్టూ మన మట్టీ చివికిన పశువుల ఎరువూ కలిపి సందు లేకుండా అదుముతాం. అతుకు మట్టిలోకి వెళ్లకూడదు. మొదటి నెల నీళ్లు గడ్డ మీద మెల్లగా పడాలి. ఇలా చేయడం మొదలుపెట్టాక చచ్చిపోయేవి బాగా తగ్గాయి.

బండిలో తెచ్చేటప్పుడు వల కప్పించుకోండి. పై కప్పు లేని బండిలో గంటల తరబడి గాలికొడితే ఆకులు కొసల నుంచి మాడిపోతాయి. సాయంత్రం ఎక్కించి రాత్రి ప్రయాణం పెట్టుకుంటే మంచిది. కొద్ది మొక్కలే అయితే మన ఊరివైపు వెళ్లే లారీలో కలిపి పంపుతామంటారు. ఆ లారీ దారిలో ఎన్నిచోట్ల ఆగుతుందో, ఎన్నాళ్లకు చేరుతుందో ముందే అడిగి తేల్చుకోవాలి.

ధరల్లో బేరం ఉంది, కానీ అన్నిటికీ కాదు. క్రోటన్లు, పూలమొక్కలు ఎక్కువ తీసుకుంటే బాగానే తగ్గిస్తారు. ఖమ్మంలో రోడ్డు పక్క అమ్మేదాంతో పోలిస్తే చాలా చవక. మంచి అంటు దగ్గర గీచి గీచి బేరమాడడం నేను మానేశాను. తల్లి చెట్టు నుంచి కొమ్మ కోసి, కట్టి, అతుకు పట్టేదాకా నీడలో కాపాడి, పట్టనివి పారేసి, పట్టినవాటిని మనకిస్తున్నారు. ఆ కష్టానికి వాళ్లు అడిగేది ఎక్కువేం కాదు.

బిల్లు విషయంలో మాత్రం ఆ ఊరంతా మారాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2010లో ఉద్యాన నర్సరీల నమోదుకు చట్టం వచ్చింది. అయినా చాలాచోట్ల చేతికిచ్చే చీటీ మీద "మామిడి మొక్కలు" అని తప్ప రకం పేరుండదు. అడిగితే రాస్తారు, అడక్కపోతే రాయరు. మీరు అడిగి రకం పేరు, తేదీ రాయించుకోండి. నేను ఇంకో పని చేస్తాను. తల్లి చెట్టు ముందు మొక్కను నిలబెట్టి ఫోన్లో ఫొటో తీసుకుంటాను. సొంత చెట్టు మీద నమ్మకమున్నవాళ్లు దానికి ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. పెద్దాయన కోడలైతే ప్రతి మొక్కకీ రేకు ముక్క మీద రకం పేరు గీసి తీగతో కట్టి ఇస్తుంది. ఆ రేకులు మా చెట్లకు ఇప్పటికీ ఉన్నాయి. తీగ మాత్రం కాండం లావయ్యే కొద్దీ వదులు చేస్తుండాలి.

నాలుగు కుండీల కోసమైతే అంత దూరం వెళ్లొద్దు, డీజిల్ ఖర్చు కూడా గిట్టదు. ఇంటి చుట్టూ పదిసెంట్లున్నా, చిన్న తోట వేయాలన్నా, పెళ్లికి వచ్చినవాళ్లకు మొక్కలు పంచాలన్నా కడియం వెళ్లండి. ఒక పూట మొత్తం పెట్టుకోండి. ఉదయం కడియపులంక పూల మార్కెట్లో బంతి, చామంతి రాశులు చూసి, తర్వాత లోపలి ఊళ్లలో మూడు నాలుగు నర్సరీలు తిరిగి, ఏదీ కొనకుండా అడిగినదానికి ఎవరెలా బదులిస్తున్నారో విని, అప్పుడు వెనక్కి వచ్చి నచ్చినచోట తీసుకోండి. రెండు మంచి వానలు పడ్డాక, జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా మంచి సమయం. ఏప్రిల్, మే నెలల్లో ఎంత మంచి మొక్క దొరికినా నేను బయానా ఇచ్చి అక్కడే ఉంచమని వస్తాను, వానలు పడ్డాక తెచ్చుకుంటాను. దానికి ఒప్పుకునే నర్సరీలున్నాయి.