ఉట్కియాగ్విక్: తిమింగల వేటకి కెమెరాతో ఎప్పుడు వెళ్లాలి?

అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఈ ఊరికి రోడ్డు లేదు, విమానమే దిక్కు. పాత మ్యాపుల్లో బారో అని ఉంటుంది. 2016లో ఊరివాళ్లు ఓటేసి, ఇక్కడి మూలవాసులైన ఇనుపియాట్‌లు పెట్టుకున్న పేరు తిరిగి తెచ్చుకున్నారు.

అందరూ తీయాలనుకునేది వసంతకాలపు వేట. ఏప్రిల్, మే నెలల్లో సీల్ చర్మం బిగించిన ఉమియాక్ పడవల్ని మంచు అంచుకి చేర్చి బోహెడ్ తిమింగలాల కోసం కాపు కాస్తారు. దీనికి టికెట్ కొనే పద్ధతేమీ లేదు. ఉమియాలిక్, అంటే పడవ కెప్టెన్, రమ్మంటేనే వెళ్లాలి. వెళ్లాక తెల్లటి పైబట్ట వేసుకోవాలి, చప్పుడు చేయకూడదు, చెప్పిన పని చేయాలి. మంచు విరిగే సూచన కనిపిస్తే ఉన్నపళంగా సర్దుకుని వెనక్కి రావాలి. ముఖపరిచయం కూడా లేకుండా వెళ్లి అడిగితే ఆ అడగడమే మర్యాదగా ఉండదు.

నన్నడిగితే శరత్కాలపు వేటే నయం. మోటారు పడవలతో వేటాడిన తిమింగలాన్ని ఒడ్డుకి తెచ్చి, లోడర్‌తో పైకి లాగుతారు. సగం ఊరు అక్కడే ఉంటుంది. పొడుగు కర్రలకి బిగించిన కత్తులతో గంటల తరబడి కోస్తారు. ఏ వాటా ఎవరిదో ఆనవాయితీ ప్రకారం ముందే తెలుసు. మాంసం అమ్మరు, పంచుకుంటారు. నెత్తుటి ఫొటో ఎవరైనా తీస్తారు, నాకు ఆ పంపకమే నచ్చింది. ఇలాంటి ఫొటోలు చూసి వేటగాళ్లని నెట్‌లో తిట్టిపోసేవాళ్లున్నారు కాబట్టి, అడక్కుండా ఎవరి ముఖమూ తీయొద్దు. గాలి ఎక్కువుంటే పడవలు కదలవు, తిరుగు ప్రయాణానికి కాస్త వెసులుబాటు ఉంచుకోండి.

బసకి టాప్ ఆఫ్ ద వరల్డ్ హోటల్ ఉంది. పాత భవనం 2013లో కాలిపోయాక కొత్తగా కట్టారు. గదులు వెచ్చగా ఉంటాయి, రేటే చురుక్కుమంటుంది. నేనైతే వంటగది ఉన్న చిన్న లాడ్జికి మారాను. అక్కడ హీటర్ రాత్రంతా గోల చేసింది, కానీ ఉప్మా ప్యాకెట్లు పనికొచ్చాయి. కిరాణా సామానంతా విమానంలోనో, వేసవి పడవలోనో రావాలి మరి. శాకాహారులు సొంత సరుకు తెచ్చుకోవడమే మేలు. ఇనుపియాట్ హెరిటేజ్ సెంటర్‌ని మాత్రం ఫొటోలు మొదలుపెట్టక ముందే చూడండి. బయట నుంచి లోపలికి వచ్చేముందు కెమెరాని జిప్ కవర్లో పెట్టాలి, లేకపోతే లెన్స్ మీద తేమ పడుతుంది.

ఇంత టెన్షన్ వద్దనుకుంటే జూన్‌లో నలుకటాక్ పండగకి వెళ్లండి. వేట ఫలించిన కెప్టెన్లు ఊరందరికీ తిండి పెడతారు, చర్మపు దుప్పటి మీద మనుషుల్ని ఎగరేస్తారు. ఆ నెలలో సూర్యుడు అస్తమించడు, ఫ్లాష్ ఇంట్లోనే వదిలెయ్యొచ్చు.