‘నెలవారీ ఖర్చు లేదు’ అనే ఆ సెక్యూరిటీ కిట్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పండగ సేల్‌లో అందరి ఫోన్లలోనూ ప్రత్యక్షమైన ఆ ‘మీరే బిగించుకోండి’ సెక్యూరిటీ కిట్‌ను ఎవరైనా కార్టులో వేసుకుని ఉంటే దయచేసి అక్కడే ఆగండి. ఏ కంపెనీయో నేను పేరు పెట్టి చెప్పనక్కరలేదు. ఒక హబ్ (పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టె), నాలుగు తలుపు సెన్సర్లు, ఒక మోషన్ సెన్సర్, రెండు కెమెరాలు, ఒక సైరన్, అన్నీ కలిపి 13,990 రూపాయలు అనగానే మీలో సగం మందికి తెలిసిపోయి ఉంటుంది. తణుకులో మా అమ్మానాన్నలు ఉంటున్న ఇంటికి నేను కొన్నది అదే. వాళ్లు అరుణాచలం గిరిప్రదక్షిణకు వెళ్లినప్పుడు ఆ ఇంట్లో దొంగతనం జరిగింది. దొంగ ముఖం ఆ కంపెనీ సర్వర్‌లో ఉంది. నాకు మాత్రం చూపించరట.

పోయినవాటి జాబితా పెద్దదేమీ కాదు. పెరట్లోని బోరు మోటారు, నిండు గ్యాస్ సిలిండరు, అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం. బీరువా జోలికి వెళ్లలేదు, లేదా వెళ్లేంత తీరిక దొరకలేదు. స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాము, ఎఫ్ఐఆర్ అయింది. గంగాళం గురించి అమ్మ ఇంకా మాట్లాడటం లేదు కనుక నేనూ ఆ ప్రస్తావన తేవడం లేదు. ఈ పోస్టు రాస్తున్నది దొంగ మీద కోపంతో కాదు. దొంగ తన పని తాను చేసుకుపోయాడు. నా దగ్గర డబ్బు తీసుకున్నవారు చేసిన పని గురించే ఇదంతా.

తెల్లవారుజామున వెనకింటి పిన్నిగారు ఫోన్ చేసి, పెరటి తలుపు బార్లా తెరిచి ఉందని చెప్పగానే నేను హైదరాబాద్‌లో మంచం మీద నుంచే యాప్ తెరిచాను. రాత్రి 2.41 గంటలకు వరండా కెమెరా ఒక క్లిప్ తీసినట్టు అందులో నమోదై ఉంది. పక్కనే చిన్న బొమ్మ కూడా ఉంది. తులసికోట పక్కన ఒక మనిషి ఆకారం, లేత రంగు చొక్కా, చేతిలో సంచి వంటిది ఏదో, ముఖం సూటిగా కెమెరా వైపు. అయితే ఆ బొమ్మ మొత్తాన్ని కావాలని మసక చేసి, నడుమ పసుపు రంగు తాళం గుర్తు వేసి, దాని కింద ‘ఈ క్లిప్ చూడటానికి ప్లస్ ప్లాన్ తీసుకోండి, నెలకు 299 రూపాయలు మాత్రమే’ అని రాసి ఉంచారు. ఇంటి తాళం పగిలిందని తెలిసిన అరనిమిషంలోనే ఇంకో తాళం చూపించగల ఈ కంపెనీ సమయస్ఫూర్తికి నిజంగా చేతులెత్తి నమస్కరించాలి.

ఆ క్షణంలో బేరాలు ఆడే ఓపిక ఎవరికి ఉంటుంది? యూపీఐలో 299 కట్టాను. డబ్బు వెళ్లింది, ‘ప్లస్ కుటుంబంలోకి స్వాగతం’ అంటూ రంగురంగుల కాగితం ముక్కలు తెర మీద రాలాయి, పసుపు తాళం బూడిద రంగు తాళం అయింది. ‘ఈ క్లిప్ మీ ప్లాన్ ప్రారంభానికి ముందు నమోదైనది కనుక అందుబాటులో లేదు’ అని కొత్త వాక్యం వచ్చింది. డబ్బు కట్టక ముందు ఈ సంగతి ఎక్కడా లేదు. నేను ఆ తెరలన్నిటినీ ఫొటో తీసి పెట్టుకోవడం ఒక్కటే ఆ ఉదయం నేను చేసిన తెలివైన పని.

ఇక కస్టమర్ కేర్. మొదట మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, తన చేతుల్లో ఏమీ లేదని కూడా నిజాయతీగానే చెప్పింది. ఆమె లైన్ కలిపిన సూపర్‌వైజర్ గారి మాటలు మాత్రం నాకు ఇప్పటికీ చెవుల్లో మోగుతున్నాయి. దొంగతనం జరిగింది, పోలీసులకు ఆధారం కావాలి, ఆ ఒక్క క్లిప్ ఇప్పించండి, కావాలంటే ఏడాది ప్లాన్ ఇప్పుడే తీసుకుంటాను అని నేను బతిమాలాను. అవును, బతిమాలాను. ఆయన ఏ మాత్రం తడుముకోకుండా, “సార్, యాక్సిడెంట్ అయ్యాక సీటు బెల్టు పెట్టుకుంటానంటే ఎలా సార్? ప్లాన్ ముందే తీసుకోవాల్సింది” అన్నారు. వెనక ఎవరో నవ్విన శబ్దం కూడా వినిపించింది. ఆ తరువాత, “ఇంకేమైనా సహాయం కావాలా సార్?” అని అడిగి, నా సమాధానం కోసం ఆగకుండా కాల్ పెట్టేసి, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్పమని మెసేజ్ పంపారు.

మెమరీ కార్డు లేదా అని అడగబోయేవారికి: ఉంది, కెమెరాలోనే ఉంది. వెళ్తూ వెళ్తూ ఆ మహానుభావుడు కెమెరాను కూడా ఊడబెరుక్కుని పోయాడు. రెండో కెమెరా వీధి గేటు వైపు చూస్తూ ఉంటుంది కనుక అందులో ఏమీ పడలేదు. కాబట్టి మిగిలిన ఒకే ఒక్క ఆధారం సర్వర్‌లో ఉన్న ఆ క్లిప్.

సైరన్ ఎందుకు మోగలేదన్నది తరువాత తెలిసింది, ఇది ఇంకా వివరంగా చెప్పవలసిన సంగతి. మా ఇంటి కరెంటు మీటరు వరండాలో ఉంటుంది. వరండా కెమెరాకు చిక్కి, ఆ క్లిప్ సర్వర్‌కు చేరాక, తలుపు జోలికి వెళ్లకముందే దొంగ ఫ్యూజు పీకేశాడు. ఊరెళ్తున్నామని నాన్నగారు ఇన్వర్టర్ ఆపి వెళ్లారు, అది ఆయన పద్ధతి. రూటర్ ఆరిపోయింది, నెట్ పోయింది. హబ్‌లో బ్యాటరీ ఉంది, సైరన్‌లోనూ ఉంది, తలుపు సెన్సర్‌లో బొత్తాం సెల్ ఉంది, అంటే పరికరాలన్నీ ప్రాణంతోనే ఉన్నాయి. తలుపు సెన్సర్ అనేది పెద్ద విద్యేమీ కాదు. చౌకట్టుకు ఒక ముక్క, రెక్కకు ఒక అయస్కాంతం, రెండూ దూరం జరగగానే జిగ్‌బీ అనే తక్కువ దూరపు రేడియో మీద హబ్‌కు కబురు వెళ్తుంది. ఆ రాత్రి కూడా వెళ్లే ఉంటుంది. కానీ ‘తలుపు తెరుచుకుంటే సైరన్ మోగించు’ అన్న నియమం మా ఇంట్లో ఉన్న హబ్‌లో లేదు, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌లో ఉంది. కబురు హబ్ దగ్గర నుంచి సర్వర్‌కు వెళ్లి, అక్కడ అనుమతి పుచ్చుకుని, తిరిగి అదే గదిలో రెండడుగుల దూరంలో గోడకున్న సైరన్‌కు రావాలి. నెట్ లేదు కనుక రాలేదు. 110 డెసిబెల్స్ అని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసిన ఆ సైరన్ గోడ మీద బొమ్మలా ఉండిపోయింది.

ఇంటి ఆటోమేషన్‌లో అద్భుతంగా పనిచేసినది ఒకటి ఉంది, అది కూడా చెప్పకపోతే అన్యాయం. ఇంట్లో మనుషులున్నారన్న భ్రమ కలగడానికి రోజూ సాయంత్రం పెరటి లైటు దానంతట అదే వెలిగి, అర్ధరాత్రి దాకా ఉండేలా నేనే ఏర్పాటు చేశాను. ఆ లైటు ప్రతి రాత్రీ నిమిషం తేడా లేకుండా ఒకే సమయానికి వెలిగి, ఒకే సమయానికి ఆరింది. ఇంట్లో ఎవరూ లేరన్న సంగతిని ఇంతకంటే క్రమశిక్షణతో ఎవరు చాటగలరు?

ఫోన్‌కు అలర్ట్ రాలేదా అంటే, వచ్చింది. ఉచిత ప్లాన్‌లో కెమెరాకు మనిషికీ కుక్కకూ తేడా తెలియదు, ఆ తేడా చెప్పాలంటే అదీ ప్లస్ ప్లానే. వీధి కుక్క నడిచినా, కొబ్బరాకు ఊగినా ‘కదలిక గుర్తించబడినది’ అని రాత్రంతా మోగే అలర్ట్‌ను ఎన్నాళ్లు భరించగలం? దాన్ని నేను సైలెంట్‌లో పెట్టాను. హబ్‌కు సర్వర్‌తో సంబంధం తెగిపోయిందన్న అత్యవసర సమాచారాన్ని మాత్రం ఈమెయిల్‌లో పంపారు, అదీ ఆఫర్ల మెయిళ్ల నడుమ.

కొనేటప్పుడు ఆ పేజీలో ‘నెలవారీ ఖర్చు లేదు’ అన్న మాట మూడో బొమ్మలోనే ఉంది. ఇప్పుడు చూస్తే ‘ప్రాథమిక సదుపాయాలకు నెలవారీ ఖర్చు లేదు’ అని మారింది. క్లిప్ చూడటం ప్రాథమిక సదుపాయం కాదని, యాప్ అప్‌డేట్‌తో పాటు నిబంధనలు కూడా అప్‌డేట్ అయ్యాయని, ‘అంగీకరిస్తున్నాను’ అని నేను నొక్కానని సూపర్‌వైజర్ గారి వాదన. నొక్కాను, కాదనను. నొక్కకపోతే యాప్ తెరుచుకోదు కదా! కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నారు. సబ్‌స్క్రిప్షన్ వల, ఒకటి చూపి ఇంకొకటి అంటగట్టడం, అసలు ఖర్చును చివరిదాకా దాచిపెట్టడం అందులో ఉన్నాయి. చదువుతుంటే మా కిట్ యూజర్ మాన్యువల్ చదువుతున్నట్టే అనిపించింది.

ఎస్సై గారు మా మాట ఓపికగా విన్నారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద ఆ క్లిప్ ఇవ్వమని కంపెనీకి నోటీసు పంపుతామన్నారు, పంపారు కూడా. ఈలోగా యాప్‌లో ఉన్న మసక బొమ్మ కూడా మాయమైంది. ఉచిత ప్లాన్ వారి క్లిప్‌లను కొద్ది రోజులకు మించి ఉంచరట. ఫిర్యాదు నంబరు, ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి, దాన్ని తొలగించవద్దని నేను ముందే మెయిల్ రాశాను. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని జవాబు వచ్చింది. నోటీసుకు వారు ఏమంటారో చూడాలి.

ఇది మన దగ్గరే పుట్టిన రోగం కాదు. అమెరికాలో రివాల్వ్ అనే హబ్‌ను నెస్ట్ కంపెనీ కొనేసి, 2016 మే నెలలో దాని సర్వర్ ఆపేస్తే, డబ్బు పెట్టి కొన్న హబ్‌లు ఒక్కరోజులో పనికిరానివైపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే ఇంటి ఆటోమేషన్ కంపెనీ సర్వర్లు ముందుగా చెప్పకుండానే ఆగిపోయాయి. గూగుల్ తన నెస్ట్ సెక్యూర్ అలారానికి 2024 ఏప్రిల్‌లో మంగళం పాడింది. సర్వర్ మీద బతికే పరికరాన్ని మనం కొనడం లేదు, వాడుకోవడానికి వారు ఇచ్చిన గడువును కొంటున్నాము. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా ఉండదు.

ప్రభుత్వ ముద్ర ఉంది కదా అని కొందరు అనవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి చేసిన మాట నిజమే, అది మంచిదే. కానీ ఆ పరీక్షలు చూసేది కెమెరాలోకి బయటివారు చొరబడగలరా, దాని సాఫ్ట్‌వేర్‌ను మార్చగలరా అన్నది. మన క్లిప్‌ను మనకే తాళం వేసి అమ్మవచ్చా అన్నది ఆ ముద్ర చూడదు.

కోపం కొంత దిగింది కనుక, కొనక తప్పనివారికి నాలుగు మాటలు. ఏ కిట్ కొన్నా, వాపసు గడువు ముగియకముందే రూటర్ ఆపేసి, సిస్టమ్‌ను ఆన్‌లో పెట్టి, తలుపు తెరిచి చూడండి. సైరన్ మోగకపోతే అదే రోజు వాపసు పంపండి, కారణాలు వినవద్దు. కెమెరా ఓఎన్‌వీఐఎఫ్ లేదా ఆర్‌టీఎస్‌పీ పద్ధతిని (ఏ కంపెనీ రికార్డర్‌కైనా వీడియో పంపగల ఉమ్మడి పద్ధతులు ఇవి) అనుమతిస్తుందో లేదో అడగండి. అనుమతిస్తే ఇంట్లోనే బీరువా వెనకో అటక మీదో ఉన్న రికార్డర్‌లోకి వీడియో వెళ్తుంది, కెమెరాను దొంగ ఎత్తుకుపోయినా వీడియో మిగులుతుంది. కాస్త ఓపిక ఉన్నవారు హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ చూడండి. అది ఉచితం, నియమాలన్నీ ఇంట్లోని చిన్న కంప్యూటర్‌లోనే ఉంటాయి; నేర్చుకోవడానికి కొన్ని ఆదివారాలు పోతాయి, అంతే. రూటర్‌కు, హబ్‌కు కలిపి చిన్న యూపీఎస్ పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు ఊరెళ్లేటప్పుడు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌కు (తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఏర్పాటు) తెలియజేస్తే, ఆ సదుపాయం నడుస్తున్న చోట తాళం వేసిన ఇంట్లో వారే ఉచితంగా కెమెరా పెడతారు. ఎస్సై గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. 13,990 రూపాయలు పెట్టి ఇంతకంటే గొప్పది కొన్నామని అప్పుడు చెప్పలేకపోయాను.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, కంపెనీ ఎక్కడున్నా మనం ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. ఈ కిట్ ఇప్పటికే కొన్నవారు ఈరోజే రెండు పనులు చేయండి: మీరు కొన్న నాటి పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, ఆర్డర్ మెయిల్ ఎక్కడైనా ఉంటే భద్రపరచండి, యాప్‌లో ‘నియమాలు’ అన్న చోటికి వెళ్లి ఎన్ని బూడిద రంగులోకి మారి పనిచేయకుండా పోయాయో చూసుకోండి. ‘నెలవారీ ఖర్చు లేదు’ అన్న పాత బొమ్మ ఎవరి దగ్గరైనా ఉంటే నాకు పంపండి, కమిషన్‌లో నా కేసుకు అది కావాలి.