కడప బండల ఇంట్లో మైకు, రెండేళ్లు వాడినాక

మొదట నేను చేసిన తప్పు చెప్తా. మూడేళ్ల కింద ఆన్‌లైన్‌లో 1400 పెట్టి ఒక కండెన్సర్ మైకు కిట్ తెప్పించినా, పేరు వద్దులే, ఆర్మ్ స్టాండు స్పాంజి అన్నీ ఉన్నాయి, ఫోటోలో చూస్తే రేడియో స్టేషన్ మాదిరి ఉండింది. తీరా చూస్తే అది 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకుకి వైరులోంచే బయటి కరెంటు, కావాల్సిన రకం, డబ్బాలో ఇచ్చిందేమో మామూలు 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ పిన్ను. ల్యాప్‌టాప్‌కి పెడితే నా గొంతు బావిలోంచి వచ్చినట్టు సన్నగా, దానికంటే గట్టిగా 'స్స్' అని సౌండు. పవర్ డబ్బా, కేబులు అని ఇంకో 1200 వదిలింది.

అప్పుడు గొంతు బాగానే వచ్చింది గానీ దాంతో పాటు ఫ్యానూ, పక్కింటోళ్ల మిక్సీ, వీధిలో "ఎర్రగడ్డలో..." అని ఉల్లిపాయలు అమ్ముతా తిరిగే ఆటో, అన్నీ వచ్చినాయి. కండెన్సర్ చీమ చిటుక్కుమన్నా పట్టేస్తాది, స్టూడియోలో అది గొప్ప, మా ఇంట్లో అదే తంటా. పైగా మాది కడప కదా, కింద నున్నటి నల్ల బండలు, పైన సిమెంటు స్లాబు, గోడలు బోడిగా ఉంటాయి. చప్పట్లు కొడితే గది మనకి తిరిగి కొడతాది.

ఆ తర్వాత కొన్నది ఫైఫైన్ ఏఎం8 మైకు, డైనమిక్ రకం, అంటే దూరం సౌండ్లు అంతగా పట్టదు. నాకు ఐదారు వేల మధ్యలో పడింది. రెండేళ్లు దాటింది, వారానికి మూడు నాలుగు దినాలు వాడతాండా, మా అక్క పిల్లోళ్లు బెంగుళూరులో ఉంటారు, వాళ్లకు వేమన పద్యాలు, కథలు చదివి పంపిస్తా. యూఎస్‌బీ గుచ్చితే చాలు, వేరే డబ్బా అక్కర్లే, హెడ్‌ఫోన్ దానికే పెట్టి మన గొంతు వినుకోవచ్చు. రేపు మిక్సర్ కొంటే దానికి పెట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు కాళ్ల పిన్ను కూడా ఉండాది, కాకపోతే అప్పుడు మ్యూట్ బటనూ రంగు లైట్లూ పనిచేయవు. లైట్లు నేనైతే మొదటి దినమే ఆపేసినా.

డైనమిక్‌తో ఒక్కటే, నోరు బెత్తెడు దూరంలో ఉండాల. వెనక్కి జరిగితే గొంతు పల్చబడతాది, గెయిన్ (మైకు సౌండు పట్టే స్థాయి) పెంచితే మళ్లీ గదంతా లోపలికొస్తాది. దగ్గరగా ఉంటే 'భ', 'ఫ', 'ప' లు దబ్ దబ్ అని కొడతాయి, భీముడి కథ మొదటిసారి చదివినప్పుడు ప్రతి భీముడికీ ఒక పిడిగుద్దు. మైకుని నోటికి ఎదురుగా కాకుండా బుగ్గ పక్కకి కొంచెం వాలుగా పెట్టినా, పోయింది. వెనకాల తాడు కట్టి రెండు బొంతలు ఏలాడేసినా, నిజం చెప్పాలంటే సగం మార్పు బొంతలదే.

మా జేజికి మాత్రం ఈ మైకు కుదర్లే. "ఈ గొట్టంలోకి మాట్లాడాల్నా" అనింది, కథ చెప్తా చెప్తా తల అటూ ఇటూ తిప్పుతాది, తొడ మీద చరుస్తాది. ఆమెకు బోయా ఎం1, కొంగుకి గుచ్చే చిన్న మైకు, వైరు 6 మీటర్లు ఉంటాది కాబట్టి ఆమె మంచం మీద, నేను ఫోనుతో గడప కాడ. అది అన్ని వైపులా వింటాది, అంటే జేజి గాజులు కూడా వస్తాయి. తీయమంటే తిట్టింది, ఉండనీలే అని వదిలేసినా. ఫోనుకైతే బ్యాటరీ అక్కర్లే, కెమెరాకి స్విచ్చి అటు వేస్తే లోపల ఎల్ఆర్44 బిళ్ల ఖర్చవుతాది, నేను ఆపడం మర్చిపోయి రెండు బిళ్లలు తగలేసినా.

ఎడిటింగ్ ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లోనే, ఫ్రీ. మాట్లాడేముందు ఐదు సెకన్లు ఊరికే రికార్డు పెట్టండి, వెనక రొద తీసే నాయిస్ రిడక్షన్‌కి ఆ ముక్క చూపించాల. ఎక్కువ లాగొద్దు, గొంతు నీళ్లలో పుక్కిలించినట్టు అయితాది. పీకులు, అంటే గొంతు గట్టిగా లేచిన చోట్లు, మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటా.

ఎండాకాలం ఫ్యాను ఆపి కూర్చోడం నా వల్ల కాదు, తెల్లారి నాలుగున్నరకే రికార్డు చేస్తా, ఎర్రగడ్డల ఆటో కూడా రాదు అప్పుడు. మొదటి కిట్‌లో ఆర్మ్ స్టాండు మాత్రం ఇప్పటికీ ఉండాది, ఏఎం8 దానికే తగిలించినా. ఆ 2600 లో మిగిలింది అదొక్కటే.